రౌస్ గారి కోడి

పేటన్ రౌస్ 1879లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టారు. జాన్స్ హాప్కిన్స్‌లో మెడిసిన్ చదువుతుండగా, శవపరీక్ష చేసేటప్పుడు వేలు తెగి క్షయ అంటుకుంది. చదువు ఆపి టెక్సాస్ వెళ్ళారు. అక్కడ ఏడాది పాటు పశువుల మధ్య పనిచేసి, కోలుకుని వచ్చి 1905లో డాక్టరయ్యారు.

1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అక్కడికి ఛాతీ మీద గడ్డ ఉన్న ఒక కోడిపెట్ట వచ్చింది. ఆయన ఆ గడ్డని నూరి, బ్యాక్టీరియా కూడా దాటలేని ఫిల్టర్‌లో వడకట్టారు. ఒక్క కణం కూడా లేని ఆ ద్రవాన్ని వేరే కోళ్ళకి ఎక్కిస్తే వాటికీ క్యాన్సర్ వచ్చింది! 1911లో ఆ సంగతి ప్రచురించారు.

ఎవరూ నమ్మలేదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు కదా, కోడి సంగతి మనిషికి ఎలా వర్తిస్తుంది అన్నారు. ఎలుకల్లో ప్రయత్నిస్తే ఫలితం రాలేదు. 1915కల్లా ఆ పని వదిలేశారు. కానీ ఖాళీగా కూర్చోలేదు. రక్తాన్ని సిట్రేట్, చక్కెర కలిపి నిల్వచేసే పద్ధతి కనిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో రక్తనిధికి దారి వేసింది అదే.

నోబెల్ 1966లో వచ్చింది. అప్పటికి ఆయనకి 87 ఏళ్ళు. అల్లుడు అలన్ హాడ్జ్‌కిన్‌కి మూడేళ్ళ ముందే వచ్చేసింది!

1970 ఫిబ్రవరిలో రౌస్ పోయారు. కొన్ని నెలలకే టెమిన్, బాల్టిమోర్ వేర్వేరుగా అసలు గుట్టు విప్పారు. ఈ వైరస్‌లు తమ ఆర్‌ఎన్‌ఏని వెనక్కి డీఎన్‌ఏగా రాసుకుని, కణం డీఎన్‌ఏలో దూరిపోతాయి. అందుకే రెట్రోవైరస్ అన్న పేరు.

మరి క్యాన్సర్ తెచ్చే సార్క్ జన్యువు ఆ వైరస్‌కి ఎక్కడిది? 1976లో బిషప్, వార్మస్ బృందం వెతికితే అది ఆరోగ్యంగా ఉన్న పక్షుల్లోనే దొరికింది. వైరస్ ఎప్పుడో కోడి నుంచి దాన్ని ఎత్తుకుపోయిందన్నమాట. అలాంటి జన్యువు మనలోనూ ఉంది. అంతేనా, మన డీఎన్‌ఏలో దాదాపు 8 శాతం పాత రెట్రోవైరస్‌ల అవశేషాలే. మన పూర్వీకుల్లో దూరి, తరతరాలుగా మనకి సంక్రమించినవి.

విచిత్రం ఏంటంటే, సొంత జన్యువుల్లో మార్పుల వల్ల క్యాన్సర్ వస్తుందన్న వాదాన్ని రౌస్ చివరిదాకా ఒప్పుకోలేదు. అప్పట్లో లోకం ఆయన్ని నమ్మలేదు, తర్వాత ఆయన ఈ వాదాన్ని నమ్మలేదు. రెండుసార్లూ జవాబు చెప్పింది మాత్రం ఆ కోడి నుంచి వచ్చిన వైరసే.