స్టోర్మర్ లెక్కగట్టిన ఆకాశపు చెరసాల

కాగితము క్రింద అయస్కాంతము నుంచి, పైన ఇనుపరజను చల్లినచో అది వంపులు దీరి నిలుచుట నందిగామ, జగ్గయ్యపేట పాఠశాలల విద్యార్థులు ఎరిగినదే. భూమియు అట్టి అయస్కాంతమే. దాని బలరేఖలలో విద్యుదావేశముగల కణములు ప్రవేశించినచో ఏమగును? ఈ ప్రశ్నకు బ్రతుకును ధారవోసిన గణితవేత్త కార్ల్ స్టోర్మర్.

ఆయన 1874 సెప్టెంబరు 3న నార్వే దేశమున జన్మించెను. 1903లో క్రిస్టియానియా, అనగా నేటి ఓస్లో, విశ్వవిద్యాలయమున గణితాచార్యు డయ్యెను. ఆ కాలముననే సహచరుడు బిర్కెలండ్, గాలి తీసివేసిన పాత్రలో అయస్కాంత గోళము నుంచి, దానిపైకి విద్యుత్కణములను పంపి, ధ్రువముల చెంత వెలుగులు పుట్టించి చూపెను. స్టోర్మరు మనస్సు అచ్చటనే నిలిచిపోయెను.

ఆ కణము నడచు దారిని ఒక్క సూత్రముతో చెప్పుటకు వీలులేదు. అడుగడుగునకు లెక్కవేసికొనుచు పోవలయును. గణనయంత్రములు లేని ఆ దినములలో ఆయన, సహాయకులతో గూడి, వేల గంటలు ఆ పని చేసెను. కొన్ని కణములు నేలను చేరక, దూరముగా పోక, బలరేఖలను చుట్టుచు ఉత్తర దక్షిణముల నడుమ బందీలై తిరుగగలవని తేలెను. అయస్కాంత తుపానులలో ధ్రువకాంతులు దక్షిణమునకు దిగివచ్చుటకు భూమిచుట్టు ఏర్పడు విద్యుద్వలయమే కారణమనియు ఆయన ఊహించెను.

1957 ఆగస్టు 13న స్టోర్మర్ కన్నుమూసెను. ఆరు నెలలు నిండకమునుపే, 1958 జనవరి 31న, ఎక్స్‌ప్లోరర్-1 ఉపగ్రహము నింగికెగసెను. అందలి వాన్ అలెన్ పరికరము వలన బందీ కణముల మేఖల బయటపడెను. కాగితముపై గీచిన దారులు నిజమయ్యెను, గీచినవాడు చూడలేదు.

సూర్యుని నుండి వచ్చు తుపాను ఆ చెరసాల తలుపులను కదల్చును. బాహ్యమేఖలలోని ఎలక్ట్రాన్లు కొన్ని గంటలలోనే తరిగిపోవచ్చును. పిదప కొలదిదినములకు మునుపటికంటె ఎక్కువ శక్తితో నిండవచ్చును. 2024 మే తుపాను తరువాత రెండు తాత్కాలిక మేఖలలు క్రొత్తగా కనబడెను. విద్యుద్వలయము బలపడినపుడు నేలపై అయస్కాంతబలము ఇంచుక తగ్గును. ఆ మార్పు మన సీమలోను కలుగును. జగ్గయ్యపేట చెంత నుండి హైదరాబాదు పోవు రహదారిపై, చౌటుప్పలున నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి పరిశీలనశాల అట్టి మార్పులను నమోదు చేయుచున్నది.

ధ్రువకాంతి మన మెట్టసీమకు కానరాదు. కాని ఆ కాంతివెనుక నున్న లెక్క, పలకపై కూడిక నేర్చు బాలునకు సైతము తుదకు అందునదే.