గౌస్ పండితుని బాల్యము

గణితశాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడని లోకము కొనియాడు కార్ల్ ఫ్రెడరిక్ గౌస్ 1777వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన జర్మనీ దేశమందలి బ్రన్స్విక్ పట్టణమున జన్మించెను. తండ్రి తోటపని మున్నగు కాయకష్టములతో కుటుంబమును పోషించు బీదవాడు. తల్లి డొరోతియా వ్రాత నేర్వనిది. కుమారుడు పుట్టిన తేదీనైనను ఆమె వ్రాయించి యుంచలేదు. క్రీస్తు ఆరోహణపు పండుగకు ఎనిమిది దినములు ముందటి బుధవారమని మాత్రము జ్ఞాపకముంచుకొనెను. ఈస్టరు పండుగ ఏ యేట ఏ తేదీన వచ్చునో లెక్కించు సూత్రమును గౌస్ తరువాత కల్పించెను. తల్లి చెప్పిన గుర్తును బట్టి తన జన్మదినమును తానే తేల్చుకొనెను.

ఆయన శాస్త్రకృషిని వివరించుటకు మాకు శక్తి చాలదు. ఇట్టి యింట పుట్టిన బాలుని ఎవరు గుర్తించిరి, ఎట్లు ముందునకు నడపిరి అను విషయమునే మేమిచ్చట వ్రాయదలచితిమి.

1784లో బాలుని పాఠశాలలో చేర్చిరి. తక్కువ యెత్తుగల గదిలో సుమారు నూరుగురు పిల్లలు. వారి నడుమ కొరడాతో తిరుగు బ్యూట్నర్ అను నుపాధ్యాయుడు. మన వీథిబడులలో బెత్తపుదెబ్బలు తిన్న పెద్దలకిది క్రొత్తగా తోచదు. గౌస్ గణితపు తరగతికి వచ్చిన క్రొత్తలో ఒకనాడు పంతులొక పెద్ద కూడిక నిచ్చెను. ముగించినవారు ముగించినట్లు పలకలను బల్లపై నొకదానిమీద నొకటి పెట్టవలెను. లెక్క చెప్పుట ముగియగనే గౌస్ తన పలకను పెట్టెను. దానిపై నున్నది ఒక్కటే సంఖ్య. ఒకటి మొదలు నూరు వరకు కూడుమనిరని లోకప్రతీతి. 1856లో ఆయన మిత్రుడు ప్రకటించిన చరిత్రలో మాత్రము ఆ యంకెలు లేవు. లోకప్రతీతినే గైకొన్నచో, ఒకటియు నూరును కలిపిన నూటయొకటి, రెండును తొంబదితొమ్మిదియు కలిపినను అంతియే, ఇట్టి జతలు ఏబది, మొత్తము 5050.

ఇంతవర కెల్లరు నెరిగినదే. మాకు బాలుని చురుకుదనముకంటె పంతులు చేసిన పని గొప్పగా తోచుచున్నది. కొరడా పట్టిన యా చేయియే హాంబర్గు పట్టణమునుండి పై తరగతి గణితగ్రంథమును తెప్పించి బాలుని కిచ్చెను. ఈ బాలునికి తాను నేర్పదగినది లేదని యొప్పుకొనుట ఏ పంతులకైనను సులభము కాదు. బ్యూట్నర్ ఒప్పుకొనెను. పిల్లలకు ఈకకలములు చెక్కియిచ్చు సహాయకుడు బార్టెల్సు గౌస్‌కంటె ఎనిమిదేండ్లే పెద్ద. వారిరువురును కూర్చుండి బీజగణితమును చదువనారంభించిరి. చదువుకు తీరిక కావలెను గదా! సాయంకాలములందు నార వడకుపని నుండి కుమారుని విడిచిపెట్టుటకు తండ్రి సమ్మతించెను. ఆ బీదయింట అదియు చిన్న త్యాగము కాదు.

1791లో బాలుని బ్రన్స్విక్ ప్రభువు సముఖమునకు గొనిపోయిరి. నాటినుండి విద్యావ్యయమును ప్రభువే భరించెను. గౌస్ 1792లో స్థానిక కళాశాలలోను, 1795లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయములోను చేరెను. 1796 మార్చి 30వ తేదీన, పందొమ్మిదేండ్లు నిండకమునుపే, వృత్తలేఖినితోను అంకెలులేని కొలబద్దతోను పదునేడు సమభుజముల క్షేత్రమును నిర్మింపవచ్చునని కనుగొనెను. ప్రాచీన గ్రీకుల నాటినుండి ఎవరికిని అందని విషయమది. 1801లో ప్రకటించిన సంఖ్యాశాస్త్ర గ్రంథమును ప్రభువునకే అంకితమొనర్చెను. 1806లో నెపోలియను సేనలతోడి యుద్ధమున గాయపడి ఆ ప్రభువు మరణించెను.

గౌస్ 1855లో గొట్టింగెన్‌లో పరమపదించెను. తల్లి తుదివరకు ఆయన యింటనే యుండి 1839లో కన్నుమూసెను. ఈకకలములు చెక్కిన బార్టెల్సు రష్యాదేశమున కజాన్ విశ్వవిద్యాలయాచార్యుడై, లొబచేవ్‌స్కీ అను మరియొక యువకునికి గణితము నేర్పెను. యూక్లిడుకు భిన్నమైన క్షేత్రగణితమును 1829లో తొలుత ప్రకటించినవా డాతడే.