వానలో తడిసిన రాణి



పసిఫిక్ మహాసముద్రంలో టోంగా అనే చిన్న రాజ్యం ఉంది. సుమారు 170 దీవులు. జనం ఉండేవి కొన్నే. జనాభా లక్ష మాత్రమే. ఇంత చిన్న ప్రజను 47 సంవత్సరాలు ఒక్కతాటిపై నడిపిన తల్లి సలోటే మహారాణి.

ఆమె 1900 మార్చి 13న జన్మించారు. రెండేళ్ల వయస్సులోనే తల్లిని పోగొట్టుకున్నారు. చదువు కోసం చిన్నతనంలోనే న్యూజిలాండ్ వెళ్లారు. 1917లో తుంగీ అనే ప్రభువుతో వివాహం జరిగింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో తండ్రి మరణించగా, 18 ఏళ్ల ఆ యువతి సింహాసనం ఎక్కారు. నవంబరులో ఓడ మీద ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ప్రతి 100 మందిలో సుమారు 8 మంది చనిపోయారు. రాణిగా ఆమె చూసిన తొలి దృశ్యాలు సమాధులే.

మరో గాయం విశ్వాసానికి సంబంధించినది. ఆమె మెథడిస్టు క్రైస్తవురాలు. 1885లో ఆ సంఘం రెండుగా చీలి, ఒకే ఇంటివారు వేర్వేరు గుడులకు వెళ్లే పరిస్థితి ఏర్పడింది. రాణి పట్టుబట్టి 1924లో రెండింటినీ కలిపారు. అందరూ రాలేదు, కొందరు వేరుగానే నిలిచారు. అయినా ఐక్యత కోసం శ్రమించడం తన బాధ్యతగానే ఆమె భావించారు.

సొంత ఇంట్లోనూ దుఃఖం తప్పలేదు. 1936లో ఒక కుమారుడు, 1941లో భర్త మరణించారు. భర్త ఆమెకు ప్రధానమంత్రి కూడా. ఆమె పనిని మానలేదు. పెద్ద కుమారుణ్ణి సిడ్నీలో చదివించారు. విశ్వవిద్యాలయ పట్టా పొందిన మొదటి టోంగా వాసి ఆయనే. లోకజ్ఞానం కావాలి, కాని పూర్వీకుల సంపద పోగూడదన్నది ఆమె ఆలోచన. అందుకే స్వయంగా పాటలు కట్టారు. జనం బృందంగా పాడుతూ ఆడే లకలక నృత్యానికి పదాలు సమకూర్చారు. చాపల అల్లిక, చెట్టుబెరడును చితగ్గొట్టి చేసే వస్త్రాల పని నిలవాలని 1953లో స్త్రీల సంఘం స్థాపించారు.

ఆ ఏడే జూన్ 2న లండన్‌లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం జరిగింది. జోరున వాన. ఊరేగింపులో అనేకమంది అతిథులు బండ్ల పైకప్పులు మూయించుకున్నారు. సలోటే మాత్రం కప్పు తెరిచే ఉంచి, తడుస్తూ, నవ్వుతూ, జనానికి చేయి ఊపారు. గౌరవించవలసినవారి ఎదుట తమను కప్పుకోకపోవడం టోంగా మర్యాద అని చెబుతారు. పెద్ద దేశాల నడుమ చిన్న దేశపు రాణి తన ఆచారాన్ని దాచుకోలేదు. లోకం ఆ దేశం పేరు నేర్చుకుంది.

1965 డిసెంబరు 16న ఆమె కన్నుమూశారు. 1970లో టోంగా బ్రిటన్ రక్షణ నుండి బయటపడి పూర్తి స్వాతంత్ర్యం పొందింది. నేడు ఆ ప్రజల్లో ఎందరో బ్రతుకుతెరువుకై న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, అమెరికాలలో ఉన్నారు. 2022 జనవరిలో సముద్రగర్భ అగ్నిపర్వతం పేలి, అలలు ఊళ్లను ముంచెత్తాయి. అయినా లకలక ఆగలేదు.

మన పిల్లలు కూడా చదువు కోసం, ఉద్యోగం కోసం దూరాలకు వెళ్తున్నారు. వారి పెట్టెలో బట్టలతోపాటు మన మాట, మన పాట, మన ప్రార్థన కూడా సర్దుతున్నామా? ఈ రాత్రి భోజనాల వేళ ఇంటిల్లిపాదీ ఆలోచించండి.