మదనపల్లె ‘మొద్దు’ పిల్లవాడు – జిడ్డు కృష్ణమూర్తి



వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని వార్డెన్ సార్ అడిగారు. అంబేద్కర్ గారి గురించి, జాషువా గారి గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. వారు మనకు ఎప్పటికీ దారి చూపేవారే. ఈసారి నేను మన ప్రాంతంలోనే పుట్టిన ఒక పిల్లవాని గురించి రాయాలనుకున్నాను. ప్రపంచానికి ఆయన గొప్ప తత్వవేత్త. నాకు మాత్రం ఆయన తత్వం కంటే ఆయన బాల్యమే దగ్గరగా అనిపించింది. ఎందుకంటే బడిలో ఆయన్ని మొద్దు అన్నారు. నన్నూ అన్నారు.

పెద్ద కుటుంబం – ఎనిమిదో బిడ్డ

జిడ్డు కృష్ణమూర్తి 1895 మే నెలలో మదనపల్లెలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 2022 దాకా మన జిల్లాలోనే ఉంది. తండ్రి నారాయణయ్య బ్రిటిష్ ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ ఉద్యోగి. తల్లి సంజీవమ్మ. తెలుగు బ్రాహ్మణ కుటుంబం. ఆ దంపతులకు పదకొండు మంది పిల్లలు పుడితే, ఆరుగురే బాల్యం దాటి బతికారు. ఆ రోజుల్లో ఉద్యోగస్తుల ఇళ్లలోనూ చావులు అలాగే ఉండేవి. ఎనిమిదో బిడ్డ కనుక, దేవకీదేవి అష్టమ సంతానమైన కృష్ణుడి పేరే పెట్టారు.

తండ్రికి తరచూ బదిలీలు. పిల్లలు ఊరూరా తిరుగుతూ పెరిగారు. కడపలో ఉన్నప్పుడు రెండేళ్ల కృష్ణకు మలేరియా సోకి, ప్రాణం పోయేదాకా వచ్చింది. తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ జ్వరం వదలలేదు. ఒక సంవత్సరం మొత్తం బడికే పోలేదు. ఆ పిల్లవాడికి మొదటి బడి తల్లి ఒడి. ఆమె పిల్లలను కూర్చోబెట్టుకుని రామాయణ, మహాభారత కథలు చెప్పేది. పొద్దున్నే ఇంటి ముందుకు వచ్చే బిచ్చగాళ్లకు బియ్యం వేసే పని కృష్ణ చేతికి అప్పగించేది. దానం గురించి ఆమె పాఠం చెప్పలేదు, చేతికి పని ఇచ్చింది.

ఆ పాఠం బాగా పట్టినట్లుంది. బడికి పలక, బలపం తీసుకుపోయి, తనకంటే పేద పిల్లవాడికి ఇచ్చేసి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చేవాడట. మళ్లీ కొత్తది కొనిపెట్టేవారు.

బడిలో పరధ్యానంగా ఉండే ఆ పిల్లవాడు, ఇంట్లో ఒకసారి గడియారాన్ని ఏ భాగానికా భాగం విప్పేశాడు. అది ఎలా తిరుగుతుందో తెలిసి, మళ్లీ బిగించి నడిపించేదాకా తిండికి లేవలేదు, బడికి పోలేదు. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. గడియారం విప్పి బిగించిన పిల్లవాడు మొద్దు ఎలా అవుతాడు?

కృష్ణ తర్వాత మూడేళ్లకు పుట్టిన తమ్ముడు నిత్యానంద. నిత్య చాలా చురుకు. ఒకరు మందం, ఒకరు చురుకు అని ఊరంతా అన్నా, ఆ అన్నదమ్ములు మాత్రం ఒకరినొకరు వదిలి ఉండలేదు.

1904లో పెద్దక్క పోయింది. 1905లో తల్లి పోయింది. అప్పటికి కృష్ణకు పదేళ్లు. ఇంట్లో చెప్పుకునే కథలు అక్కడితో ఆగిపోయాయి.

బెత్తం దెబ్బల బడి

నారాయణయ్య ఉద్యోగ విరమణ చేశాక, 1909 జనవరిలో కొడుకులను వెంటబెట్టుకుని మద్రాసు అడయారు చేరారు. ఆయన ఎప్పటినుంచో దివ్యజ్ఞాన సమాజం సభ్యులు. దాని అధ్యక్షురాలు అనీబిసెంట్. సమాజం ఆవరణ బయట, సరైన సౌకర్యాలు లేని ఒక చిన్న ఇంట్లో కాపురం పెట్టారు. అక్కడి నుంచి మైలాపూరులోని హైస్కూలుకు సుమారు మూడు మైళ్లు. అన్నదమ్ములు రోజూ నడిచే పోయి వచ్చేవారు.

ఆ బడిలో కృష్ణ దాదాపు ప్రతిరోజూ దెబ్బలు తిన్నాడు. పాఠం తలకెక్కడం లేదని అయ్యవారు గది బయటికి పంపేవారు. రమ్మని పిలిచేదాకా అక్కడే ఏడుస్తూ నిలబడేవాడు. ఒక్కోసారి బడి వదిలినా కదిలేవాడు కాదు. తమ్ముడు నిత్య వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపించుకుపోయేవాడు.

తమ్ముళ్లారా, ఈ మాట దగ్గర నేను నా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక అయ్యవారు నన్ను భిన్నాలు రానందుకు బెంచీ ఎక్కించి, వీడికి గొడ్లు కాసుకునే రాత తప్ప వేరే రాత లేదన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు సాయంత్రం స్టడీ అవర్లో తొమ్మిదో తరగతి అన్న ఒకాయన పిడికెడు చెనిక్కాయలు తెచ్చి నా ముందు పోశాడు. ఒక కాయ వలిచి రెండు పప్పులు చూపించి సగం అంటే ఇది అన్నాడు. పన్నెండు పప్పులు నాలుగు కుప్పలుగా పెట్టించాడు. అరగంటలో భిన్నాలు వచ్చేశాయి. లెక్క అయ్యాక చెనిక్కాయలు ఇద్దరం తినేశాం. బడిలో రానిది హాస్టల్లో ఎలా వచ్చిందంటే, అక్కడ భయం లేదు. అంతే.

ఇల్లే బడి అయిన రోజులు

1909లో అడయారు సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న కృష్ణను లెడ్‌బీటర్ అనే దివ్యజ్ఞాన సమాజం ప్రముఖుడు చూశారు. ఈ పిల్లవాడు ముందు ముందు జగద్గురువు అవుతాడని ఆయన నమ్మారు. అప్పటికే అన్నదమ్ములకు ఇంటి పాఠాల్లో సాయం చేస్తున్న ఎర్నెస్ట్ వుడ్‌కు ఆ మాట నమ్మశక్యం కాలేదు. కృష్ణ తెలివితక్కువ పిల్లవాడన్నదే ఆయన అభిప్రాయం. బడిలో దెబ్బల సంగతి లెడ్‌బీటర్‌కు తెలిసింది. నారాయణయ్యను ఒప్పించి ఇద్దరినీ బడి మాన్పించారు. అన్నను ఒక్కడినే కాక తమ్ముడిని కూడా చదువుకు తెచ్చుకున్నారు.

అక్కడి నుంచి చదువంతా ఆవరణలోనే. ఒక్క అయ్యవారు కాదు, నలుగురైదుగురు. ఒకరు చరిత్ర, ఒకరు లెక్కలు, అందరూ కలిసి ఇంగ్లీషు. పొద్దున్నే లేవడం, స్నానం, పాఠాలు, సాయంత్రం టెన్నిసు, ఈత, సైకిలు తొక్కడం. ఎక్కడిదైనా యంత్రం కనబడితే కృష్ణకు పండగే. గడియారం విప్పిన చెయ్యి సైకిలు మీద పడింది. మొద్దు అన్న పిల్లవాడు కొన్ని నెలల్లోనే ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకున్నాడు.

అయితే అంతా పూలబాట కాదు. నోరు తెరుచుకుని పరధ్యానంగా ఉన్నాడని లెడ్‌బీటరే ఒకసారి గడ్డం మీద కొట్టారు. ఆ ఒక్క దెబ్బతో ఆయన మీద ఉన్న మనసు విరిగిపోయిందని కృష్ణమూర్తి తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. బడి మార్చినా, గోడలు మార్చినా దెబ్బ దెబ్బే.

పోగొట్టుకున్నవి

ఈ కథలో బాధపడాల్సిన వైపు ఒకటుంది. పిల్లల సంరక్షణను 1910లో నారాయణయ్య రాతపూర్వకంగా అనీబిసెంట్‌కు అప్పగించారు. 1911లో అన్నదమ్ములను ఆమె ఇంగ్లండుకు తీసుకుపోయారు. తర్వాత తండ్రి మనసు మారింది. నా బిడ్డలను నాకు ఇప్పించమని 1912లో కోర్టుకు వెళ్లారు. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రి వైపు తీర్పు ఇచ్చింది. 1914లో లండనులోని ప్రీవీ కౌన్సిల్ దాన్ని కొట్టేసింది. పిల్లల ఇష్టం ఏమిటో ఎవరూ అడగలేదన్నది ఆ తీర్పులో ఒక ముఖ్యమైన మాట. కారణం ఏదైనా, ఆ తండ్రి మాత్రం బిడ్డలు లేని ఇంట్లో మిగిలిపోయాడు.

కృష్ణమూర్తి పోగొట్టుకున్నది ఇంకొకటి ఉంది. తల్లి కథలు చెప్పిన భాష. చిన్నప్పుడే దూరమై, వాడుక లేక, ఆయన తెలుగు మరిచిపోయారు.

ఇంగ్లండులో మెట్రిక్యులేషన్ పరీక్ష రాసి పలుమార్లు తప్పారు. నిత్య మాత్రం పాసై న్యాయశాస్త్రం చదివారు. కానీ ఆ తమ్ముడు క్షయ జబ్బుతో 1925 నవంబరులో అమెరికాలోని ఓహాయ్‌లో కన్నుమూశారు. కృష్ణమూర్తి అప్పుడు భారతదేశానికి ఓడ ప్రయాణంలో ఉన్నారు. బడి బయట నుంచి చెయ్యి పట్టి ఇంటికి నడిపించిన తమ్ముడు అలా పోయాడు.

1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో వేల మంది సభ్యుల ముందు, తన కోసం పెట్టిన సంస్థను ఆయనే రద్దు చేశారు. నేను ఎవరికీ గురువును కాను, నా వెంట నడవవద్దు అన్న భావం చెప్పి, సంస్థకు వచ్చిన ఆస్తులను తిరిగి ఇప్పించారు. పరీక్ష పాసు కాలేని మనిషి అంత పెద్ద పీఠాన్ని కాదనుకున్నాడు. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లు ప్రపంచమంతా తిరిగి మాట్లాడారు. 1986 ఫిబ్రవరి 17న ఓహాయ్‌లోనే మరణించారు.

మళ్లీ మదనపల్లెకు

దెబ్బలు తిన్న పిల్లవాడు పెద్దయ్యాక బడులు పెట్టించాడు. మదనపల్లెకు దగ్గరలో, కొండల నడుమ ఉన్న లోయను 1920లలో ఎంచుకున్నారు. 1931 నుంచి అక్కడ ఋషివ్యాలీ పాఠశాల నడుస్తోంది. భయం, పోలిక, పోటీ లేకుండా పిల్లలు చదవాలన్నది ఆయన కోరిక. నా చదువు ఇలా పోయింది, ఇంకొకరిది పోకూడదు అనుకున్నారేమో అనిపిస్తుంది.

ఆ పాఠశాలకు ఫీజులు కట్టే స్తోమత మనలాంటి వాళ్ల ఇళ్లకు లేదు. ఉన్నమాట చెప్పుకోవాలి. కానీ అదే ఋషివ్యాలీ వారు 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపారు. ఒకే గది, ఒకే అయ్యవారు, అయిదు తరగతుల పిల్లలు. ఎవరి మెట్టు మీద వాళ్లు, కార్డులు తీసుకుని, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవచ్చు. ముందు నేర్చుకున్నవాడు పక్కవాడికి చెబుతాడు. జ్వరం వచ్చి పది రోజులు రాకపోయినా, ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. మలేరియాతో ఏడాది బడి మానిన కృష్ణకు అలాంటి బడి ఉంటే ఎంత బాగుండేది! ఈ పద్ధతి తర్వాత కర్ణాటకలో నలి-కలి పేరుతో, తమిళనాడులో కృత్యాధార బోధన పేరుతో వేల ప్రభుత్వ బడులకు చేరింది.

చూస్తే ఇది కొత్త పద్ధతేమీ కాదు. పిల్లలు ఎక్కువ ఉన్న ప్రతి ఇంట్లో జరిగేదే.

మన ఇల్లు, మన హాస్టలు

మా ఇంట్లో మేము అయిదుగురం. నాన్న మామిడి తోటల్లో కూలి. అమ్మ మదనపల్లె మార్కెట్లో టమోటాలు ఏరే పనికి పోయేది. ఇద్దరికీ సంతకం కూడా రాదు. సంజీవమ్మ గారిలా పుస్తకం పట్టుకుని కథ చదివే తల్లి మాకు లేదు. కానీ మాకు అక్క ఉంది. మమ్మల్ని చూసుకోవడానికి ఏడో తరగతితో బడి మానేసింది. పొయ్యిలో బొగ్గు తీసి గచ్చు మీద అ, ఆ లు రాసి, మా నలుగురినీ వరుసగా దిద్దించింది. తప్పు రాస్తే తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాసేది. ఒక్కరోజు కూడా చెయ్యి ఎత్తలేదు. సంగటి ఉడికేలోపు ఒక పాఠం అయిపోయేది. ఇప్పుడు నేను తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాను. మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి నేనే అని అందరూ మెచ్చుకుంటారు. మొదటి టీచరు ఎవరో ఎవరూ అడగరు.

ఇక్కడికి వచ్చాక ఆ ఇల్లు పెద్దదైంది. ట్రంకు పెట్టె పక్కన ట్రంకు పెట్టె, వంద మంది అన్నదమ్ములు. అక్క వదిలిన చోట చెనిక్కాయల అన్న అందుకున్నాడు. కృష్ణమూర్తికి అనీబిసెంట్ దొరికింది, విదేశీ అయ్యవార్లు దొరికారు. మనకు అలాంటివాళ్లు రారు. మనకు మనమే.

కాబట్టి పెద్ద తరగతుల తమ్ముళ్లకు ఒక మనవి. ఈ సాయంత్రం స్టడీ అవర్లో చివరి వరుసలో కిటికీ వైపు చూస్తూ కూర్చున్న ఆరో తరగతి పిల్లవాడు ఒకడు ఉంటాడు. వాణ్ణి మొద్దు అనకండి. వాడి పక్కన కూర్చోండి. ఇంటికి పోయినప్పుడు మీ మాట, మీ యాస మరిచిపోకండి. మీకు అక్షరం దిద్దించిన వాళ్లు ఎవరైనా ఉంటే, చదువు ఆగిపోయిన వాళ్లు అయితే, ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించండి.

మా అక్కకు ఈ ఏడు నేను కట్టించాను. ఇప్పుడు భిన్నాలు నేను చెబుతున్నాను, చెనిక్కాయలతోనే.