కనిపించని చేయి

హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్ రామ్ ఫొటోకు దండ వేశాం. ఉపప్రధాని అని తప్ప మాకేమీ తెలియదు. పీజీకొచ్చాకే చదివాం.

1908లో బీహార్‌లోని చాంద్వా గ్రామంలో దళిత కుటుంబంలో పుట్టారు. ఆరా పట్టణం బడిలో దళిత పిల్లలకు వేరుగా పెట్టిన నీళ్ళకుండను పగలగొట్టారు. మళ్ళీ పెడితే మళ్ళీ పగలగొట్టారు. చివరికి వేరు కుండే లేకుండా పోయింది.

1946లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. అంబేద్కర్ ప్రవేశపెట్టిన కనీస వేతనాల బిల్లు ఆయన హయాంలోనే 1948లో చట్టమైంది. వ్యవసాయ కూలీలూ అందులోకి వచ్చారు. హరిత విప్లవం నాడు వ్యవసాయ మంత్రి, 1971 యుద్ధంలో రక్షణ మంత్రి ఆయనే. పేరు ఎక్కువగా ప్రధానికే దక్కింది. 1979లో ఉపప్రధాని అయినా ప్రధాని పదవి అందలేదు. 1986 జూలై 6న కన్నుమూశారు.

కూలికెళ్ళి మమ్మల్ని చదివించిన అమ్మానాన్నలకు ఆ చట్టం సంగతి తెలియదు. తమ్ముళ్ళూ, ఈసారి దండతోపాటు ఆయన కథా ఇంట్లో చెప్పండి.