తాన్ షిన్‌పేయ్

చైనాభాషలో కొనుటకు వాడు మాటయు 'మై', అమ్ముటకు వాడు మాటయు 'మై'. వ్రాతలో అక్షరములు వేరైనను ధ్వని ఒక్కటే. కాని పలుకునపుడు స్వరము పోవు దారి వేరు. బీజింగు నగరవాసి కొనుటను చెప్పునపుడు స్వరము క్రిందికి దిగి మరల లేచును. అమ్ముటను చెప్పునపుడు పైనుండి ఒక్కుమ్మడిగా పడిపోవును. దక్షిణమున యాంగ్‌ట్సీ నదీతీరమందలి వూచాంగ్ నగరవాసి నోట కొనుటకు స్వరము పడును, అమ్ముటకు లేచును. కావున వూచాంగ్ వర్తకుడు కొనెదనన్నచో బీజింగు వానికి అమ్మెదనన్నట్లు వినబడవచ్చును. అంగడిలో ఇట్టి చిక్కు చేతిసైగలతో తీరిపోవును. రంగస్థలముమీద అంత సులభముగా తీరదు. అచ్చట రాగము మాటలోని స్వరగతిని అనుసరింపవలెను. లేనిచో ప్రేక్షకునకు ఒక మాటకు మారుగా మరియొకటి వినబడును. బీజింగు రంగస్థలముమీద వూచాంగ్ పలుకును నిలిపి, దానినే అందరికి ఒజ్జబంతిగా చేసిన నటుడు తాన్ షిన్‌పేయ్.

ఆయన 1847వ సంవత్సరమున హూబెయ్ రాష్ట్రమందలి వూచాంగ్ ప్రాంతమున జన్మించెను. తండ్రి తాన్ జితావ్ వృద్ధస్త్రీల పాత్రలు ధరించు నటుడు. ఆయన కంఠము మిక్కిలి తీక్ష్ణమైనది. అందుచే జనులు ఆయనను, ఆకాశమున ఎగురుచు కూయు ఒక చిన్నపిట్ట పేరున 'జియావ్‌తియెన్' అని పిలిచెడివారు. కుమారుడు పెద్దవాడై ఎంత కీర్తి గడించినను ప్రజలకు చిన్న జియావ్‌తియెన్‌గానే మిగిలెను. తండ్రి బ్రతుకుతెరువు వెదకికొనుచు బాలునితో ఉత్తరదేశమునకు తరలెను. తియెన్‌జిన్ మీదుగా వారు బీజింగు చేరిరి.

ఆనాటి బీజింగు నాటకము ఒక ఊరి సొత్తు కాదు. 1790వ సంవత్సరమున చియెన్‌లుంగ్ చక్రవర్తి ఎనుబదవ జన్మదినోత్సవమునకై ఆన్‌హ్వీ నాటకసమాజములు రాజధానికి వచ్చి అచ్చటనే స్థిరపడెను. తరువాత హూబెయ్ నటులు వచ్చి కలిసిరి. ఎవరి పలుకు వారిది. తాన్ బాల్యమున ముగ్గురు మహానటులు ప్రసిద్ధులై యుండిరి. చెంగ్ చాంగ్‌గెంగ్ పాటలో ఆన్‌హ్వీ యాస వినబడెడిది. యూ సాన్‌షెంగ్ పాటలో హూబెయ్ యాస. జాంగ్ ఎర్‌క్వీ పాటలో బీజింగు యాస. మువ్వురకును అభిమానులుండిరి. ఏది సరియైన ఉచ్చారణమని అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క సమాధానము చెప్పియుందురు.

తాన్ శిక్షణ పది పండ్రెండేండ్ల ప్రాయమున ఒక నాటకపాఠశాలలో సాగెను. యుద్ధవీరుల పాత్రలకు వలయు కత్తిసాము, పిల్లిమొగ్గలు ఆయనకు చక్కగా పట్టుబడెను. కాని యౌవనారంభమున గొంతు మారి బొంగురువోయెను. పాడజాలని నటునకు రాజధానిలో కూడు దొరకదు. ఆయన పల్లెలవెంట తిరిగి పొలములలో వేసిన పందిళ్ల క్రింద ఆడెను. కొంతకాలము ఒక ధనికుని యింట కావలివాడుగా కూడ నుండెను. గొంతు మెల్లగా తేరుకొనెను. పిమ్మట బీజింగునకు మరలివచ్చి చెంగ్ చాంగ్‌గెంగ్ నడపుచున్న సాన్‌చింగ్ సమాజమున చేరి మొదట యుద్ధపాత్రలను, అనంతరము గడ్డముగల పెద్దమనుష్యుల గానపాత్రలను ధరించెను.

తేరుకొన్న గొంతు పూర్వనటుల గొంతువలె కంచుగంట కాలేదు. సన్ననిది, తీయనిది, కొంత దుఃఖచ్ఛాయ గలది. బలముతో నెట్టుకొని పాడుట తనకు తగదని ఆయన గ్రహించెను. కావున ప్రతి మాటను దాని స్వరగతికి తగినట్లు వంచి, మలచి, గమకములతో నడపెను. ఇందులకు ఆయన యూ సాన్‌షెంగ్ బాణీని ఆధారముగా గైకొని, ఇతర పెద్దల మెళకువలను చేర్చుకొనెను. స్వరగతులు తన పుట్టినూరివి. ప్రాసనియమములు మధ్యచైనాకు చెందిన ప్రాచీనసంప్రదాయమునవి. ఈ సంప్రదాయమునకు 1324లో జౌ దచింగ్ రచించిన ప్రాసగ్రంథము మూలము.

ఇంతేకాక బీజింగు వీథులలో చెరిగిపోయిన భేదములు కొన్ని రంగస్థలముమీద నిలిచియుండెను. మద్యమునకును తొమ్మిదికిని బీజింగు జనులు ఒకే ధ్వని పలుకుదురు. నటుడు మాత్రము మద్యమును దంతములకడ, తొమ్మిదిని అంగిటికడ పుట్టించును. తెలుగున 'చలి'లోని చకారమునకును 'చిలుక'లోని చకారమునకును గల భేదమును తలచుకొన్నచో ఇది తెలియగలదు. ఈ పలుకు రాజులకు, మంత్రులకు, కులస్త్రీలకు. హాస్యగాడును, గడుసుపిల్లయు నగరపు వాడుకమాటయే మాట్లాడుదురు. పాత్ర నోరు తెరచినంతనే దాని అంతస్తు తెలియుట ఇందలి ప్రయోజనము. ప్రేక్షకులకు అర్థమయ్యెడిదా యని సందేహింప బనిలేదు. ఆ కథలు వారికి కంఠస్థములు. పలుమారులు విని విని ఆ యాస వారి చెవులకు అలవడెను.

1890లో ఆయనకు రాజాంతఃపురమున ప్రదర్శించు గౌరవము లభించెను. రాజమాత త్సీషీ ఆయనను మిక్కిలి ఆదరించెను. ఇరువదవ శతాబ్ది ఆరంభము నాటికి బీజింగున గడ్డపుపాత్ర ధరింపగోరు వారెల్లరు ఆయన బాణీనే అభ్యసించుచుండిరి. ఎర్‌క్వీ బీజింగు యాస వెనుకబడెను. రాజధాని నాటకమునకు రాజధాని పలుకు కాక, ఒక పరదేశి పలుకు ప్రమాణమగుట విచిత్రమే.

1905లో బీజింగునందలి ఒక ఛాయాచిత్రశాలవారు ఆయన నటించిన 'దింగ్‌జున్ పర్వతము' అను నాటకమందలి ఘట్టములను చలనచిత్రముగా తీసిరి. అదియే చైనీయుల మొదటి చలనచిత్రమని చెప్పుదురు. ఆ చిత్రమునకు శబ్దము లేదు. చిత్రమును నేడు మిగులలేదు. ఆయన కంఠము మాత్రము కొద్దిపాటి గ్రామఫోను రికార్డులలో నిలిచియున్నది.

1917వ సంవత్సరమున ఆయన డెబ్బదియేండ్ల వృద్ధుడు, రోగి. రాజ్యము పోయి సేనాపతుల కాలము వచ్చెను. లూ రుంగ్‌తింగ్ అను సేనాపతి రాజధానికి రాగా, అతని గౌరవార్థము జరుగు విందులో పాడవలెనని అధికారులు తాన్‌ను నిర్బంధించిరి. శరీరము సహకరింపదని చెప్పినను వారు వినలేదు. ఆ రాత్రి ఆయన ఆడినది 'హుంగ్‌యాంగ్ గుహ'. అందలి నాయకుడగు సేనాని వ్యాధిచే మరణించును. ఇంటికి వచ్చిన పిదప తాన్ మరల కోలుకొనలేదు. మే 10వ తేదీన కన్నుమూసెను.

ఆయన విద్యను శ్రద్ధగా గ్రహించినవారిలో యూ షుయెన్ (1890–1943) ముఖ్యుడు. ఇతడు యూ సాన్‌షెంగ్‌కు మనుమడు. తాత బాణీ తాన్ ద్వారమున మనుమని చేరెనన్నమాట. షుయెన్ వూచాంగ్ స్వరగతులను మరింత సున్నితముగా దిద్దెను. అయితే పాఠశాలలలో బీజింగు పలుకు దేశభాషగా బోధింపబడసాగిన పిమ్మట వూచాంగ్ స్వరములు క్రొత్తతరము చెవులకు కొంత దూరమయ్యెను. 1960 ప్రాంతముల సమకాలీన కథలతో వ్రాయబడిన నాటకములలో చాలవరకు బీజింగు పలుకునే వాడిరి. మద్యమునకు తొమ్మిదికి గల భేదము కూడ అందు పోయెను. అట్టి నాటకములలో పేరెన్నికగన్నది 'షాజియాబాంగ్'. అందు నాయకపాత్ర ధరించిన తాన్ యువాన్‌షౌ (1929–2020) తాన్ షిన్‌పేయ్‌కి మునిమనుమడు. సైనికుని దుస్తులలో బీజింగు పలుకున పాడిన ఆయనయే, గడ్డము తగిలించుకొని పాతనాటకమున ప్రవేశించినపుడు ముత్తాతగారి వూచాంగ్ స్వరముతో పాడెడివాడు.