చక్రశిల్పి జేమ్స్ స్టార్లీ

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరే దారిలో, అడవి అంచున ఉన్న పల్లెలకు సైకిల్ చాలాకాలం పెద్ద దిక్కుగా నిలిచింది. బస్సు ఆగిన చోటు నుండి గూడెం దాకా సాగే బాటకు అదే వాహనం. సంతకు పోయే ధాన్యపు మూట, ఎండాకాలంలో కల్లానికి చేర్చే తునికాకు కట్టలు, ఇప్పపువ్వు గంప, బడికి వెళ్ళే పిల్లవాడు, అన్నీ దాని మీదనే ప్రయాణం చేశాయి. ఇంత బరువునూ మోసేవి పెన్సిల్ లోపలి సీసమంత సన్నని ఉక్కు పుల్లలు. మన ప్రాంతంలో కనిపించే పాత నల్లని సైకిళ్ళలో సాధారణంగా ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. రెండు వేళ్ళతో వంచగల ఆ పుల్ల, మనిషినీ బియ్యపు బస్తానూ కలిపి ఎలా మోయగలుగుతున్నది? ఈ ప్రశ్నకు తన చేతులతో సమాధానం వెతికినవారిలో అగ్రగణ్యుడు జేమ్స్ స్టార్లీ. ఆయన కళాశాల మెట్లు ఎక్కినవాడు కాడు. ఇంగ్లండు పల్లెలో పొలం పనులు చేసుకునే కుటుంబంలో పుట్టినవాడు.

స్టార్లీ 1830 ఏప్రిల్ 21వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగంలోని ససెక్స్ ప్రాంతంలో, ఆల్బోర్న్ అనే గ్రామంలో జన్మించాడు. తొమ్మిదేళ్ళ ప్రాయానికే పొలం పనిలో దిగాడు. కాని ఆ బాలుని మనస్సు నాగలి కంటె పనిముట్ల మీదనే ఎక్కువగా ఉండేది. విరిగిన గొడుగు ఊచతో, చెట్టు కొమ్మతో ఎలుకల బోను తయారు చేశాడని చెబుతారు. పదిహేను, పదహారేళ్ళ వయస్సులో ఇల్లు విడిచి లండను వైపు నడిచిపోయాడు. ఆ నగరం చెంతనే ఉన్న లూయిషామ్‌లో జాన్ పెన్ అనే సంపన్నుని ఇంట తోటమాలిగా కుదురుకున్నాడు.

ఈ జాన్ పెన్ ఓడలకు ఆవిరి యంత్రాలు నిర్మించే ప్రసిద్ధ ఇంజనీరు కావడం స్టార్లీ అదృష్టమనే అనాలి. పగలు తోటపని, సాయంకాలం గడియారాల మరమ్మతు, ఇదీ అతని దినచర్య. ఒకసారి ఆ ఇంటి ఇల్లాలి కుట్టుమిషను చెడిపోయింది. ఆనాడు కుట్టుమిషను అపురూపమైన వస్తువు. దానిని విప్పి బాగుచేయడానికి అందరికీ ధైర్యం చాలేది కాదు. తోటమాలి దానిని విప్పాడు, బాగుచేశాడు, మునుపటి కంటె మెరుగుపరిచాడు కూడా. ఇది చూసి ముచ్చటపడిన యజమాని, కుట్టుమిషన్ల వ్యాపారంలో ఉన్న జోసయా టర్నర్‌కు అతనిని పరిచయం చేశాడు. తోటమాలి యంత్రశిల్పిగా మారాడు. 1861 ప్రాంతంలో టర్నర్, స్టార్లీ ఇద్దరూ కొవెంట్రీ పట్టణానికి వెళ్ళి కుట్టుమిషన్ల కర్మాగారాన్ని నెలకొల్పారు.

ఆ పట్టణపు స్థితి అప్పుడు దయనీయంగా ఉన్నది. కొవెంట్రీ జీవనాధారం పట్టు రిబ్బన్ల నేత. 1860లో ఫ్రాన్సుతో కుదిరిన వర్తక ఒప్పందం వలన విదేశీ రిబ్బన్లు సుంకం లేకుండా దిగుమతి కాసాగాయి. మగ్గాలు మూలబడ్డాయి. వేలాది నేతపనివారు వీధిన పడ్డారు. చేనేత చితికిపోయినప్పుడు మన ఊళ్ళలో ఏం జరిగిందో ఎరిగినవారికి ఆ దృశ్యాన్ని వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు. నేర్పు గల చేతులున్నాయి, వాటికి పని లేదు. కుట్టుమిషన్ల కర్మాగారం కొందరికే అన్నం పెట్టగలిగింది.

1868లో జోసయా టర్నర్ మేనల్లుడు రౌలీ టర్నర్ పారిస్ నుండి ఒక వింత వాహనాన్ని తెచ్చాడు. దాని పేరు వెలాసిపీడ్. రెండు కొయ్య చక్రాలు, వాటికి ఇనుప పట్టాలు, ముందు చక్రపు ఇరుసుకే బిగించిన పెడళ్ళు, ఇదీ దాని స్వరూపం. రాళ్ళు పరిచిన వీథులలో అది ఎక్కినవాని ఒళ్ళు హూనం చేసేది. ఫ్రాన్సులో అమ్మడానికి అటువంటి బండ్లను కొవెంట్రీలో తయారు చేయాలని రౌలీ కోరాడు. కర్మాగారం పేరు కూడా మారిపోయింది. ఇంతలో 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం రావడంతో ఆ బండ్లను ఇంగ్లండులోనే అమ్ముకోవలసి వచ్చింది. స్టార్లీ మాత్రం ఆ బండి బరువును, మొరటుదనాన్ని చూసి ఊరుకోలేకపోయాడు. దాని లోపమంతా చక్రంలోనే ఉన్నదని గ్రహించాడు.

ఎడ్లబండి చక్రాన్ని ఒకసారి స్మరించుకుంటే ఆయన ఎదుర్కొన్న సమస్య మనకు తేలికగా బోధపడుతుంది. బండి చక్రంలో ఆకులు కర్రవి. ఇరుసు మీది బరువు కింది ఆకు మీదికి దిగుతుంది. ఆ ఆకు స్తంభంలా నిలబడి బరువును నేలకు అందిస్తుంది. భారతంలోని రథాలన్నీ ఇటువంటి చక్రాల మీదనే నడిచాయి. కర్ణుడు నేలలో దిగబడిన చక్రాన్ని ఎత్తబోయినప్పుడు అతని భుజాలకు తెలిసినది ఆ కొయ్య బరువే. పెడళ్ళు ముందు చక్రానికే ఉన్న బండి వేగంగా పోవాలంటే ఆ చక్రం పెద్దదిగా ఉండాలి, ఎందుకంటే పెడలు ఒక్క చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. కొయ్య చక్రాన్ని పెంచితే బరువు పెరుగుతుంది. ఆకులకు బదులు సన్నని తీగలు వాడితే బరువు తగ్గుతుంది. అయితే తీగ స్తంభంలా నిలబడలేదు, నొక్కితే వంగిపోతుంది. దానికి తెలిసిన విద్య ఒక్కటే: లాగితే తట్టుకోవడం.

కనుక అన్ని తీగలనూ ముందుగానే బిగించి లాగి ఉంచాలి. ఈ ఆలోచన స్టార్లీకి ముందే ఉన్నది. ఎగిరే యంత్రం కోసం కలలు కన్న జార్జి కేలీ 1808లోనే దీనిని ఊహించాడు. పారిస్‌లో యూజీన్ మేయర్ 1869లో తీగల చక్రానికి హక్కులు పొందాడు. స్టార్లీ, ఆయన మిత్రుడు విలియం హిల్‌మన్ 1870లో ఏరియల్ అనే బండికి హక్కులు తీసుకున్నారు. పెద్ద ముందు చక్రం, చిన్న వెనుక చక్రం, ఇనుప చట్రం, తీగల ఆకులు దాని లక్షణాలు. షేక్స్‌పియర్ నాటకంలోని గాలిలో విహరించే పాత్ర పేరును దానికి పెట్టారు. ఆ మిత్రులిద్దరూ లండను నుండి కొవెంట్రీ వరకు, సుమారు 150 కిలోమీటర్ల దూరాన్ని, ఒక్క రోజులో తొక్కి చూపారు. ఆ తరువాత కొన్నాళ్ళు ఒళ్ళు కదపలేకపోయారని కూడా చెబుతారు. ప్రచారానికి అంతకంటె ఖరీదైన మార్గం వారికి అందుబాటులో లేదు.

ఏరియల్ చక్రంలో ఒక లోపం మిగిలింది. తీగలు నాభి నుండి అంచుకు సూటిగా పోయేవి. తిరగలి పిడిని మధ్యకు ఎంత నొక్కినా రాయి తిరగదు, పక్కకు తోస్తేనే తిరుగుతుంది. అదే విధంగా సూటిగా ఉన్న తీగ, నాభి తిరిగినప్పుడు అంచును వెంటనే తిప్పలేదు. నాభి కొంత మెలిపడిన తరువాతనే అంచు కదిలేది. మొదట ఆయన నాభికి రెండు మీటలు అమర్చి ఈ లోపాన్ని సవరించాడు. 1874లో అసలైన ఉపాయం తట్టింది. తీగలను సూటిగా కాక, నాభి అంచును ఒరుసుకుంటూ పోయేలా ఏటవాలుగా అమర్చాడు. సగం తీగలు ముందువైపుకు, సగం వెనుకవైపుకు వంగి ఒకదానినొకటి దాటుతూ పోతాయి. పెడలు తొక్కినప్పుడు ఒక వరుస, ఎదురు బలం తగిలినప్పుడు మరొక వరుస చక్రాన్ని మెలిపడనీయకుండా పట్టుకుంటాయి. కుట్టుమిషనులో దారపు బిగువును సరిచేస్తూ ఏళ్ళు గడిపినవానికే ఈ తీగల బిగువు ఇంత చక్కగా అర్థమైందేమో!

మన సైకిల్ వెనుక చక్రాన్ని పరిశీలిస్తే ఆ అల్లిక కంటికి కనబడుతుంది. 40 పుల్లలలో 20 కుడి చక్కికి, 20 ఎడమ చక్కికి ఉంటాయి. ఒక్కొక్క చక్కిలో పది ముందుకు, పది వెనుకకు వాలి ఉంటాయి. ఒక్కొక్క పుల్ల మూడు లేదా నాలుగు పుల్లలను దాటి రిమ్మును చేరుతుంది. బరువులో ఎక్కువ భాగం వెనుకనే పడుతుంది, గొలుసు లాగేది కూడా ఆ చక్రాన్నే, కనుక అక్కడ పుల్లలు ఎక్కువ. లోకంలో ఇప్పుడు చక్రాలను స్వయంగా అల్లుకోవడం అభిరుచిగా పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. వారు మొదట చూసేది కూడా ఇదే: మోయవలసిన బరువెంత, నడిచే దారి ఎటువంటిది, దానికి తగిన పుల్లలెన్ని? హబ్బు రంధ్రాల లెక్క, రిమ్ము రంధ్రాల లెక్క ఒకటి కావాలి. పుల్ల పొడవు రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పని చెడుతుంది. అంతకంటె ముఖ్యమైనది బిగువు. ఇరుసు పై పుల్లలకు వేలాడుతున్నదని చాలామంది అంటారు. కొలిచి చూస్తే బరువు పడినప్పుడు పై పుల్లల బిగువు పెద్దగా మారదు, నేలకు దగ్గరగా ఉన్న కొద్ది పుల్లల బిగువు మాత్రం తగ్గుతుంది. ముందే గట్టిగా బిగించి ఉంటే ఆ తగ్గుదలను అవి భరిస్తాయి. వదులైన పుల్ల మాత్రం ప్రతి చుట్టులోనూ బిగుసుకుంటూ, సడలుతూ చివరకు విరుగుతుంది.

ఖమ్మం, కొత్తగూడెం సైకిల్ దుకాణాలలో బెండు తీసే పనివారికి ఈ సూత్రం పుస్తకం లేకుండానే తెలుసు. చక్రాన్ని తిప్పి, రిమ్ము ఎడమకు ఒరిగితే అక్కడి కుడి పుల్లలను చిన్న పానాతో పావు చుట్టు బిగిస్తారు, ఎడమ పుల్లలను అంతే వదులు చేస్తారు. పుల్లను వేలితో మీటి, నాదం వింటారు. వైణికుడు తీగ మేళవించడానికీ దీనికీ భేదం స్వల్పమే.

స్టార్లీ బుద్ధి చక్రంతో ఆగలేదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే మూడు చక్రాల బండి మీద కుమారుడు విలియంతో కలిసి వెళుతుండగా, కుమారుని బలం ఎక్కువై బండి పక్కకు మళ్ళి ఇద్దరూ ముళ్ళపొదలో పడ్డారని ఒక కథ ఉన్నది. రెండు చక్రాలకూ బలం సమానంగా అందుతూ, వేగం మాత్రం వేరుగా ఉండేలా పళ్ళచక్రాల కూర్పు ఒకటి 1877లో ఆయన రూపొందించాడు. అర్ధశతాబ్దం ముందే ఫ్రాన్సులో ఆవిరిబండికి ఇటువంటి ఉపాయం తెలిసి ఉన్నా, దానిని జనం వాడే బండికి తెచ్చిన ఘనత స్టార్లీది. నేటి లారీల వెనుక ఇరుసులో తిరుగుతున్నది ఆ కూర్పు వంటిదే. ఆయన మూడు చక్రాల బండ్లను విక్టోరియా రాణి కూడా కొనుగోలు చేసింది.

ఆయనను సైకిలుకు జనకుడని కొందరు రాస్తారు. ఆ మాట సరి కాదు. జర్మనీలో డ్రైస్ 1817లోనే రెండు చక్రాల బండిని నడిపాడు, పెడళ్ళు ఫ్రాన్సులో వచ్చాయి. సైకిల్ పరిశ్రమకు జనకుడు అనడం మాత్రం పూర్తిగా న్యాయం. మగ్గాలు మూలబడిన కొవెంట్రీలో ఆయన ప్రారంభించిన పని నుండి ఎన్నో సైకిల్ కర్మాగారాలు పుట్టాయి, ఖాళీగా ఉన్న చేతులకు పని దొరికింది.

1881 జూన్ 17వ తేదీన, 51వ ఏట, క్యాన్సరు వ్యాధితో స్టార్లీ కన్నుమూశాడు. పట్టణ ప్రజలు 1884లో ఆయనకు స్మారక చిహ్నం నిలిపారు. మరుసటి సంవత్సరమే, ఆయన వద్ద పని నేర్చుకున్న సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ, గొలుసుతో వెనుక చక్రాన్ని తిప్పే రోవర్ సైకిలును తెచ్చాడు. ఎత్తైన చక్రం మీద నుండి పడే భయం తీరిపోయింది. ఏటవాలు అల్లికను చాలామంది తయారీదారులు చాలాకాలం స్వీకరించలేదు, సూటి తీగలనే వాడుతూ వచ్చారు. 1890ల నాటికి గాని అది సర్వసాధారణం కాలేదు.